టాకా

రాణిగంజ్ గల్లీల నాది ఆరడుగుల షెడ్డు.
ముప్పై ఏండ్ల సంది సైలెన్సర్లకే వెల్డింగు.
ఎడమ చెవి ఎప్పుడో పోయింది.
కుడి చెవిల ఒక కీచురాయి కాపురముంటది.

మొన్న చౌరస్తాల పోలీసోళ్లు
ఊడబీకిన గొట్టాలన్నీ వరుసగ పండబెట్టిన్రు.
రోడ్ రోలర్ వస్తున్నది, జనం ఫోన్లు లేపిన్రు.
మూడోదాన్ని చూడంగనే కడుపుల కలుక్కుమన్నది.
వంపు కాడ చేప పొలుసు లెక్క పరిచిన
ఆ టాకా నాది.
ఏలిముద్ర ఏసేటోన్ని,
నాకున్న సంతకం అదొక్కటే.

రిషాంక్ కారుది అది.
"లోపలి పొట్ట తీసెయ్ కాకా,
పులి గాండ్రించాలె" అన్నడు.
పద్దెనిమిది వందలిచ్చిండు, కోసిన.
జాలీ, గాజు దూది తుక్కుల ఏసిన.
ఆ దూది సూస్తే మెత్తగనే ఉంటది,
రెండు దినాలు చేతులు గోక్కోవాలె.
ఇంజను చాలు చేసినప్పుడు
చప్పట్లు కొట్టింది నేనే.
అది చెప్పకుంటే అబద్ధమైతది.

బేగంపేట ఫ్లైఓవర్ కింద
తెల్లారగట్ల ఊడ్చే సాయమ్మ
తుంటి విరిగి మంచంల పడ్డది.
ఏ కారో ఎవ్వరు చెప్పలే, నేను అడగలే.
బత్తాయిలు పట్టుకపోయి కూసున్న.
"చప్పుడు ఇనలేదా అక్కా?"
"ఇనకేం! పిల్లరు పిల్లరుకు తాకి
అన్ని దిక్కులకెల్లి వచ్చింది.
యే దిక్కుకు ఉరకాలె నేను?
మామూలు బండైతే
చీపురు ఆపకుంటనే చెవితోటి సూస్తుంటి."

చెవితోటి సూసుడు.
ఆ మాట బస్సెక్కి నాతోటి ఇంటిదాంక వచ్చింది.

చలాన్ కట్టి రిషాంక్ మల్ల వచ్చిండు.
"చప్పుడు తగ్గాలె కాకా, పికప్ తగ్గొద్దు."
ఈసారి బేరమాడలే నేను.
దారి సీదా ఉంచిన, పొగకు అడ్డం పెట్టలే.
దారి పొంటి జల్లెడ బొక్కలు,
సుట్టూ దూది, పైన స్టీలు రేకు.
పొగ పొగ తొవ్వన పోతది,
చప్పుడొక్కటే దూదిల దిగబడ్తది.
నాలుగు రోజులు చేతులు గోక్కున్న.
టాకా మాత్రం ఎన్నడు లేనంత సన్నగ పరిచిన.

"చాలు చెయ్యిరా ఖాజా" అన్న.
"ఎప్పుడో చేసిన ఉస్తాద్" అని నవ్విండు పోరడు.
గొట్టం మూతి కాడ అరచెయ్యి పెట్టిన.
ఎచ్చటి ఊపిరి,
నిద్రల ఉన్న పసిపిల్ల ముక్కు కాడ పెట్టినట్టు.

పనితనం గొట్టానిదా,
పోయిన నా చెవిదా?
నాకు తెల్వది.

వచ్చే నెలల సాయమ్మ చీపురు పడ్తదట.
ఈ బండిని ఒకపారి ఆమె గల్లీల తిప్పాలె.
ఆమె చెవులు మంచియి.