ఎడమ వెనక స్పీకరు

ఫొటోలు నాలుగు తీశాను.
ముందు వైపు ఒకటి, వెనక తీగలు గుచ్చే కన్నాలు ఒకటి,
రిమోటు పక్కన అరచెయ్యి పెట్టి ఒకటి.
నాలుగోదాంట్లో
దమయంతి ఆరబెట్టిన వడియాలు కూడా పడ్డాయి.
ఉండనీ అనుకున్నాను,
ఎండ బాగుంది అందులో.

"ఏడేళ్లు వాడినది. చేతులు మారలేదు.
రిసీవరు, అయిదు స్పీకర్లు, ఒక బేస్ పెట్టె.
లోపం లేదు."
కింద మందులషాపు కుర్రాడి చేత
ఒడియాలోనూ రాయించాను.
రాయగడలో ఏ మాటకైనా
రెండు చొక్కాలుండాలి.

"ఎందుకు అమ్ముతున్నారు?" అని ఒక గడి.
నింపితేగానీ ముందుకు పోనివ్వదు.
చోటు లేక, అని కొట్టాను.

చోటుకేం, బోలెడుంది.
లేనిది ఎడమ చెవి.

కాగితం మిల్లులో ఇరవయ్యొక్క ఏళ్లు
వెదురు తరిగే యంత్రానికి
ఎడమపక్క అప్పగించి నించున్నాను.
చెవుల్లో పెట్టుకోమన్న పసుపు బిళ్లలు
చొక్కా జేబులో ఉతుకులకి వెళ్లొచ్చాయి.
చెవి పోవడం దీపం ఆరినట్టుండదు.
అద్దెకున్నవాళ్లు ఎవరికీ చెప్పకుండా
రోజుకో సామాను మోసుకుపోయినట్టుంటుంది:
ముందు ఉడతలు,
తరవాత కుక్కరు మూడో కూత,
తరవాత నాగావళి వంతెన మీద నడుస్తూ
దమయంతి చెప్పే కబుర్లలో సగం.
ఒకరోజు తను కుడిపక్కకి మారి నడిచింది.
ఏమీ అనలేదు. నేనూ అడగలేదు.

"ఆఖరికి ఎంత?" అన్నవాళ్లు పదకొండు మంది.
ఒకడు పాత మిక్సీ ఇచ్చి పట్టుకుపోతానన్నాడు.
పార్వతీపురం ఆయనొకడు
"బోర్డరు దాటించి తెచ్చి పెడుదురూ" అన్నాడు,
అదేదో మునక్కాడల కట్టయినట్టు.

చివరికి మునిగుడలో పాసింజరెక్కి
దుర్యోధన్ హియాల్ వచ్చాడు.
ఇక్కడ ఆ పేరు వింటే ఎవరూ నవ్వరు.
పశువుల ఆసుపత్రిలో కాంపౌండరట.
మాట మెత్తన.
రిసీవరు మీద చెయ్యేసి కాసేపు ఉంచాడు,
చూలావు పొట్ట చూసినట్టు.

పెన్‌డ్రైవులో వాన తెచ్చుకున్నాడు,
వాళ్ల పెంకుటింటి మీద పడిందే, ఫోనులో పట్టిందట.
నా కుర్చీలో కూచుని కళ్లు మూశాడు.
వాన ముందు పడింది, కుడికి జరిగింది, వెనక్కి వెళ్లింది,
అక్కడ తెగింది.
"భాయినా, ఎడమ వెనకది పలకడం లేదు."

లోపం లేదు అని రాసినవాణ్ణి
నిలువునా నీరైపోయాను.
అబద్ధం కాదు బాబూ అందామంటే
నిజం అంతకన్నా పొడుగు.

వంటింటి గుమ్మంలోంచి దమయంతి అంది:
"అది ఆగి రెండేళ్లయింది."

రెండేళ్లు!
ప్రతి ఆదివారం నా పక్కన కూచుని
సినిమా అంతా చూసి
"ఎంత బాగా వినిపిస్తోందో" అనేది.

అయిదొందలు తగ్గించుకోమన్నాను.
అతను వినిపించుకోకుండా మోకాళ్ల మీద పాకి
గోడవార తీగ పట్టుకుని పోయి
ఎలక కొరికిన చోట తోలు పళ్లతో లాగి
రాగి పోగులు వేళ్ల మధ్య మెలిపెట్టాడు.

అప్పుడు వాళ్లిద్దరి తలలూ
ఒక్కసారే ఎడమకి తిరిగాయి,
ఎవరో పిలిచినట్టు.

నేనూ తిప్పాను,
ఒక్క రవ్వ ఆలస్యంగా.