ఒక ఫుల్లు, రెండు హాఫ్‌లు

ఆదివారం పూట నెల్లిమర్లలో
సన్యాసప్పడి వాచీల కొట్టు తలుపు సగమే తెరుచుకుంటుంది.
లోపల ముగ్గురం.
రిటైరైన కరెంటు లైన్‌మన్‌ని నేను,
మిల్లు ఆస్పత్రిలో ముప్పై ఏళ్ళు కట్లు కట్టిన గున్నమ్మ,
కంటికి భూతద్దం బిగించుకున్న సన్యాసప్పడు.
ఈ పని మాకెవరూ అప్పగించలేదు.
పోలీసులు కుర్చీ వేసి, టీ ఇప్పించి, నవ్వి పంపేశారు.

వెతుకుతున్నది నలుగుర్ని.
జూట్ మిల్లు కూలీ లైన్లలో పదిహేడో నంబరు ఇల్లు,
అమ్మానాన్నా పోయాక చిన్నాన్న పంచన చేరిన
లోపింటి వారి పిల్లలు:
దాలమ్మ, ముఖలింగం, అసిరి,
ఇంకా పేరు పెట్టక అందరూ బుల్లి అనే చంటిది.
ఎనభై ఒకటి, ఆగస్టు.
చంపావతి నిండుగా పారిన వారం.

ఏరు తీసుకుపోయిందన్నారు.
తీసుకుపోతే చెప్పైనా తేలాలి కదా అన్నారు.
వాళ్ళకి చెప్పుల్లేవు అన్నారెవరో.
ఆ ఏడాదికి విచారణ అంతే.

మా దగ్గరున్నది బడి హాజరు పుస్తకం, చెదలు తిన్నంత తినగా.
మాస్టారు వాళ్ళ పేర్లు కొట్టెయ్యలేదు.
ముగ్గురి ఎదుటా రోజూ 'గై' అని రాస్తూ పోయారు
ఏప్రిల్ ఇరవై మూడు దాకా.
చివరి వారాల్లో ఐత్వం కాస్త వణికింది.

జెండా పండుగ నాటి గ్రూపు ఫోటో కూడా ఉంది.
సన్యాసప్పడు దాన్ని గడియారం లోపలి చక్రాల్ని చూసినట్టు చూసి
"ఈ పిల్ల కుడిచెయ్యి వెనక్కి పెట్టుకుందేటి?" అన్నాడు.
గున్నమ్మ లేచి ఆస్పత్రి పాత రిజిస్టరు తెచ్చింది.
దాలమ్మ, పదమూడు, మణికట్టు, కాలిన గాయం.
జూన్‌లో ఒకసారి. జూలైలో రెండుసార్లు.
రాత ఎవరిదో మేం అడగలేదు.
ఆవిడ కళ్ళజోడు తీసి చీర చెంగుతో చాలాసేపు తుడిచింది.

బొబ్బిలిలో కొడుకింట మంచం పట్టిన బుకింగ్ క్లర్కు
కళ్ళు మూసుకునే చెప్పాడు:
"ఒక ఫుల్లు, రెండు హాఫ్‌లు. చంకలో దానికి టిక్కెట్టు లేదు.
పన్నెండేళ్ళేనా పాపా అన్నాను. పదమూడండీ అంది.
అబద్ధమాడితే సగం డబ్బు మిగిలేది బావూ.
అందుకే గుర్తు. ఏ ఊరికో మటుకు గుర్తు లేదు."

సారిపల్లిలో వాళ్ళ పిన్ని చేట దించకుండానే అంది:
"ఏటి బావూ, ఇన్నాల్టికి గుర్తొచ్చినారా ఆ గుంటలు?
మాయాయన తెల్లారి డూటీకి ఎల్లినాడు.
తలుపు గొళ్ళెం నానే తీసి ఒగ్గేసినాను.
ఇంకేటీ అడక్కండి."
చేటలో ఉలవలు మళ్ళీ చప్పుడు చేశాయి.
తిరుగు ఆటోలో మేం ముగ్గురం మాట్లాడుకోలేదు.
మిల్లు గోడ దగ్గర గున్నమ్మే నెమ్మదిగా
"దొరకాలనా మనం వెతుకుతున్నది?" అంది.

ఈ నోట్‌బుక్‌లో నా పేజీ ఖాళీ.

ఆ పొద్దున నేను బడి ఎగ్గొట్టి
రైల్వే గేటు పక్కన దొంగజామకాయ కొరుకుతున్నాను.
నలుగురూ పట్టాలు దాటారు.
ముఖలింగం నా బెంచీ వాడు. ఆగి, జేబు తడుముకుని
సోమవారం తీసుకున్న నా బలపం ముక్క తిరిగిచ్చాడు.
అప్పుతో ఊరు దాటకూడదని కాబోలు.
దాలమ్మ వెనక్కి తిరిగి చూసింది.
కాలిన చేతి వేలు పెదవుల మీద పెట్టుకుంది.
నేను తలూపాను.
తొమ్మిదేళ్ళ వాడు ఊపిన తల అది,
ఇప్పటికీ నా మెడ మీదే ఉంది.

సన్యాసప్పడు ఎవరు, ఎందుకు అని అడగడు.
ఎప్పుడూ ఒకటే అడుగుతాడు:
"సరిగ్గా టైమెంత?"
రెండో కూత అయిన ఏడు నిమిషాలకి.

వచ్చే ఆదివారం పలాస దాకా పోయి చూద్దామంది గున్నమ్మ.
సరేనన్నాను.
భూతద్దం వెనక సన్యాసప్పడి కన్ను
చింతగింజంత నల్లగా నా వైపు తిరిగింది.
నోరు తెరిచాను.
టీ చల్లారిపోయిందని చెప్పాను.