జానెడు లోతు

పాకాల గుట్టల వెనుక
పెంకుల బోడు మీద
పొద్దుగాల ఏడింటికే గడ్డపార ఏసిన.
మొదటి దెబ్బకు మన్ను.
రెండో దెబ్బకు పెంకు.
మూడోది తిరిగొచ్చి నా భుజానికే తగిలింది.

ముప్పై ఒక్క ఏండ్ల సంది
సర్కారు కోసం గుంతలు తవ్వుతున్న.
రేగడిల దిగితే తలకాయ కనవడకపోయేది,
మీదికెళ్ళి ఎవలన్న చెయ్యిస్తే బయటికొచ్చేది.
చెల్కల నడుముదాక తవ్విన.
ఈడ నా పిక్క సుత మునగలే.

"ఎంతొచ్చింది మొగిలన్నా?"
జాన పెట్టి చూపిన.
నస్రీన్ మేడం టేపు పెట్టి చూసింది.
పదిహేడు సెంటీమీటర్లు.
నా జానకు రెండు వేళ్ళు తక్కువ.

ఆమె గుంత అంచుకు బోర్ల పండుకొని
సూదికి దారం ఎక్కించేటోళ్ళ లెక్క చూసింది.
రంగుల పుస్తకం పక్కన మట్టిపెల్ల పెట్టి
ఏ గడిల పడతదో ఎతికింది.
పెంకును తిరగేస్తే కడుపు కింద తెల్లగ సున్నం.
సీసల మందు ఒక్క చుక్క ఏస్తే
బుస్సుమని పొంగింది, అంత చిన్న రాయికి అంత కోపం.

నెండ్ర గడ్డి వేర్లు
కిందికి తొవ్వ లేక
పెంకుకు పెంకుకు నడుమ
అడ్డంగ పండుకున్నయి,
తలుపు సందుల నలిగిన వేళ్ళ లెక్క,
చదునుగ, పానంతోటి.

"వాన పడితే?"
"పడితే తాగది మేడం.
పైన పెచ్చు కట్టుంటది గద,
నీళ్ళు దాని మీద ఉరికి ఉరికి వాగుల పడ్తయి.
తెల్లారి చూస్తే మళ్ళ గొంతు ఎండినట్టే."

గప్పుడే జక్కుల ఓదెలు మంద తోలుకొచ్చిండు.
అరవై జీవాలు, ఒక నల్ల కుక్క.
గుంతల తొంగిచూసి నవ్విండు.
"మా అవ్వ సచ్చిన్నాడు గింతే తవ్వినం.
నలుగురం, రెండు పారలు, మిట్టమధ్యాహ్నం.
గడ్డపార మొన వంగింది గని బొంద కాలే.
ఈ నేల మీద బతకొచ్చు సారూ,
ఈ నేలల పండుకోరాదు.
మోసుకపోయి వాగు ఒడ్డుకు పెట్టినం.
ఆడ మన్ను మెత్తగ ఉంటది."

ఆడి మన్ను ఈడిదే అని
నాకు నోటిదాక వచ్చింది.
ఎన్ని వానలకు కొట్టుకపోయి
ఆమెకు ముందుగాలనే పక్క పరిచిందో.
అనలే.
గొర్రెపిల్ల ఒకటి రంగుల పుస్తకం నములుతుంటే
దాన్ని గుంజుకునుడుల పడ్డ.

మేడం ఒక పెంకు తీసి
నోటికాడ పెట్టుకొని
హా అని ఊపిరూదింది.
"వాసన చూడు."
మిరుగు నాటి తొలి వాన వాసన!
నడి ఎండల, ఒట్టి రాయి నుంచి.
"ఇది ఒకప్పటి బురద మొగిలన్నా.
నీళ్ళడుగున పొర మీద పొర పడ్డది.
గడ్డి పుట్టకముందు, గొర్రె పుట్టకముందు."
ఓదెలు సుత ఊదిండు, చూసిండు,
పెంకును రొండిన దోపుకున్నడు.

గోటితో గీస్తే గీత పడే రాయి.
నేను అ ఆ దిద్దిన పలక
ఇసొంటి గుట్టదే అయ్యుంటది.
ఉమ్మి తుడిస్తే గిదే వాసన వచ్చేది,
గప్పుడు ఎవలు చెప్పలే.

బోడు మీద పామాయిల్ పెడ్తరని
ఊర్ల మాట నడుస్తున్నది.
ఆఖరి గడిల ఏం రాసినవంటే
మేడం చదివి వినిపించింది:
"సాగుకు పనికిరాదు. మేతకు మాత్రమే.
అదీ తక్కువ జీవాలకు."
మొదటి మాటకు ఓదెలు మొఖం ఇచ్చుకున్నది.
ఆఖరి మాటకు
మంద దిక్కు తిరిగి
పెదవులల్లనే లెక్కపెట్టుడు షురూ చేసిండు.

పొద్దుగూకంగ గుంత పూడ్చిన.
తీసిన మన్ను మళ్ళ పోస్తే
మిగిలితే మంచి భూమి,
తక్కువపడితే పాడు భూమి అని
మా తాత ఇల్లు కట్టెటప్పుడు అనేటోడు.
ఈడ రెండు తట్టలు మిగిలింది.
మంచితనం కాదది.
కదిలిన పెంకు
తన పాత సందుల మళ్ళ పట్టదు, గంతే.

కుప్పను పారతోటి చెదరగొట్టిన.
గొర్లు దాని మీదికెళ్ళే నడిచిపోయినయి,
ఇంత టకటక చప్పుడు చేసుకుంట.