పండుకొని పుట్టిన రాయి

నాగ్‌పూర్ నుంచి రిపోర్టు వచ్చింది, మరాఠీలో.
చాందా కోటగోడ కింద, ఝర్పట్ వాసనలో నిలబడి
ఒక్కో వాక్యం తెలుగు చేసి చదువుతున్నాను,
ఒర్సు తిమ్మవ్వ వినాలని.

పలుగు నూటికి డెబ్బై ఎనిమిది.
(పలుగు అనగానే తన గడ్డపార వైపు చూసి నవ్వింది.)
ఫెల్‌స్పార్ పదకొండు, అందులో సగం
ఎప్పుడో తెల్లమట్టి అయిపోయింది.
అభ్రకం, చిటికెడు.
మిగిలింది ఇనుప తుప్పు,
గింజను గింజకు అతికించిన బంక.

ఆమె వినడం లేదు.
ఊడిపడ్డ పెచ్చును కొంగుతో తుడిచి
నాలుక చివర ఆనించింది.
అంటుకుంది.
"మట్టి ఎక్కువున్నది. నీళ్లు తాగుతది" అన్నది.
అది మూడో పేజీలో ఉంది. నేనింకా రెండులోనే ఉన్నాను.

రాయి నిండా ఏటవాలు గీతలు,
పసుపు మీద గేరు, గేరు మీద ఊదా.
ఇరవై ఐదు కోట్ల ఏళ్ల కింద ఒక ఏరు
ఏదో వానాకాలం పక్కకు ఒత్తిగిలింది.
ఆ మలుపు ఇప్పుడు
బురుజులో ఏడో వరసలో ఉంది.

గోండు రాజుల నాటి వరసలు
బొగ్గు లారీల దుమ్ము కప్పుకుని కూడా కదల్లేదు.
రాలుతున్నవి పోయినసారి మరమ్మతు చేసిన
మూడు గజాలే.
వెడల్పు మొహం బయటికి కనబడాలని
రాళ్లను నిలువునా నిలబెట్టారు,
సందుల్లో సిమెంటు కూరారు.
తాగిన నీళ్లకు దారి లేదు.
లోపలే ఉప్పు పూసి,
పెనం మీద జొన్నరొట్టె పొంగినట్టు
పైపొర లేచింది.

"గిది పండుకొని పుట్టిన రాయి, బిడ్డా.
ఏట్ల ఎట్ల పండుకున్నదో
గోడల గట్లనే పండవెట్టాలె.
నిలవెడితె పొరలు ఇడుస్తది."

మరి ఇది కట్టిందెవరు, అని అడిగాను.
అడిగాక అనిపించింది, అడగకుండా ఉండాల్సింది.

తిమ్మవ్వ సుత్తి మొనను బొటనవేలితో చూసుకుంది.
"నేనే.
మొహం కొలిచి కూలి ఇస్తనన్నడు కాంట్రాక్టరు.
పండవెడితె మొహం చిన్నది,
కూలి చిన్నది.
ఆ ఏడు పిల్లకు కామెర్లు."

రిపోర్టు చివరి పేజీలో
'కారణం' అన్నచోట రెండు గీతల ఖాళీ.
పెన్ను మూత తీశాను.
పెట్టేశాను.

ఆమె అప్పటికే గడ్డపార దూర్చి
మొదటి రాయిని కదిలించింది.
సుత్తితో తట్టి, చెవి ఆనించి,
అడుగు ఏదో పై ఏదో తేల్చుకుని
సున్నం పరుపు మీద మెల్లగా ఒరిగించింది.
నడుం పట్టుకుని
దాని పక్కనే కాసేపు కూర్చుంది.