నాలుగొందల పన్నెండో లైను

తార్తూలో నవంబరు మధ్యాహ్నం మూడున్నరకే చీకటి.
ల్యాబులో హీటరు మీద నా చేతితొడుగులు ఆరుతుంటాయి.
పక్క బల్ల మీద రైనో కునుకుతుంటాడు,
అతని స్క్రీను మాత్రం మేలుకుని ఏదో లెక్క కట్టుకుంటుంటుంది.

నా ఎమ్మెస్సీ థీసిస్ ఒక వంతెన మీద.
వంతెన మీదంటే వంతెన మీద కాదు,
పడవ వస్తే దాన్ని ఎత్తి, పోయాక దించే
ముప్పై ఆరేళ్ళనాటి ప్రోగ్రాం మీద.
రాసినవాళ్ళు రిటైరయ్యారు, చదివినవాళ్ళు లేరు,
అది మాత్రం వేసవంతా రోజుకు నాలుగుసార్లు
అంత ఇనుమునీ ఆకాశానికి ఎత్తుతూనే ఉంది.

తప్పు లేదని నిరూపించడం నా పని.
వందసార్లు కూలలేదంటే
నూటొకటోసారి కూలదని కాదు గదా.
బుట్టెడు పళ్ళలోంచి ఆకులేరినట్టు
లైను వెంట లైను ఏరుకుంటూ వచ్చి
నాలుగొందల పన్నెండు దగ్గర ఆగాను.

గేటు పడ్డాక, మోటారు తిరిగే ముందు
మూడు సెకన్లు ఊరికే ఉండమంటుంది.
పక్కన ఒకే ఒక్క మాట:
"తీయకండి. హె."

తీసేశాను. కాపీలోనే లెండి.
ఎనభై లక్షల స్థితులు తిరిగొచ్చి
ఎక్కడా ప్రమాదం లేదంది యంత్రం.
నాలుగో అధ్యాయంలో దర్జాగా రాశాను:
"నిరర్థకమైన ఆలస్యం ఒకటి కనుగొనబడినది."
ఆ రాత్రి నిద్రపడితే ఒట్టు.

హె అంటే హెల్గి.
పాత జీతాల పుస్తకంలో పేరు దొరికింది,
ఎల్వాలో బస్సు దిగి కిలోమీటరు మంచు తొక్కితే
మనిషి దొరికింది.
ఎనభై ఒక్కేళ్ళు. ముందు నా బూట్లు చూసి తిట్టింది,
తర్వాత నల్లరొట్టె కోసింది.
కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి, తెరకు ముక్కు ఆనించి
ఉప్పు సరిపోయిందా అని చూసే మొహంతో
తన కోడు తనే చదువుకుంది.
"పేర్లు ఇంకాస్త బాగా పెట్టాల్సింది" అని గొణిగింది.

ఈ మూడు సెకన్లు?

"ఊనో" అంది.
"గేటు కాపలావాడు. ఎడమకాలు కుంటి.
గేటేసి గదిలోకి వచ్చేలోపే మోటారు అందుకునేది,
నేల అదిరి రెండుసార్లు పడ్డాడు.
నోరు తెరిచి అడగడు, మొహమాటం మనిషి.
నేనే వాచీ పెట్టి చూశాను, రెండున్నర పట్టేది.
మూడు వేశాను."

మరి కారణం రాయలేదేం?

"రాస్తే ఉద్యోగం ఉండేదా వాడికి?"

ఊనో పోయి పందొమ్మిదేళ్ళు.
గేటు ఇప్పుడు తనంతట తనే పడుతుంది.
తిరుగు బస్సులో అద్దం మీద ఆవిరి తుడిచి తుడిచి
నా మోడల్‌లో ఏమున్నాయో తలుచుకున్నాను:
గేటు, మోటారు, పడవ, నీటిమట్టం.

డిఫెన్సు రోజు
కమిటీలో ఒకాయన పేజీ తిరగేసి అడిగాడు,
"నిరర్థకం అనే మాట కొట్టేశారు.
ఇంతకీ ఈ లైను అవసరమా, కాదా?"
"నా నిరూపణకు అవసరం లేదు" అన్నాను.
"అంటే?"
నేను ఆగాను.
ఏడు సెకన్లు ఆగావు, లెక్కపెట్టానని
తర్వాత రైనో నవ్వాడు.

ముగింపు అస్పష్టంగా ఉందని
కొన్ని మార్కులు కోశారు. కోయనీ.

వసంతానికి వంతెనకు కొత్త ప్రోగ్రాం కావాలట.
రాస్తున్నది నేనే.
మూడొందల లైన్లయ్యాయి,
ఇంకా అక్కడిదాకా రాలేదు.