అంకీస కన్నా దగ్గర

సిరోంచ బస్టాండు ఎదురుగా నా జిరాక్స్ కొట్టు.
మధ్యాహ్నం కరెంటు పోతే
గిరాకీ లేదు, ఈగలే.

జాడి ఈరక్క వచ్చి బల్ల మీద కూచుంది,
చేతిలో ఆధార్ కార్డు, కొంగుముడిలో బీడీలు.
"రాత్రి ఒంటిగంట దాటినంక
మా మిరపచేను మీంచి ఒక దీపం పోతది.
రోజూ పోతది. ఎక్కడికిరా అది?"

ఫోన్లో వెతికి చెప్పాను.
మస్కట్‌లో లేచి బ్యాంకాక్‌లో దిగుతుంది.
నాలుగున్నర వేల కిలోమీటర్లు,
ఆరు గంటలకు పది నిమిషాలు తక్కువ.

ఆ లెక్కను ఆమె
బియ్యంలో మెరిగ ఏరినట్టు ఏరింది.
"ఆరు గంటలా?
మొన్న గడ్చిరోలి పోతే నాకు ఏడు పట్టింది."

నిజమే. రెండొందల పది కిలోమీటర్లు.
ఆలాపల్లి దాకా రోడ్డులో గుంతలు,
కొన్నిచోట్ల గుంతల్లో రోడ్డు.
ఆమె పోయింది కాగితంలో ఎవరో రాసిన హీరాబాయిని
మళ్ళీ ఈరక్కను చేయించుకోడానికి.
కిటికీ అవతలి సాహేబు తలెత్తకుండా
"ఉద్యా యా" అన్నాడు.
ఆ రేపటికి పోను ఏడు, రాను ఏడు.

"ఎంత ఎత్తుల పోతది?"
పదకొండు కిలోమీటర్లు అన్నాను.
బీడీ వెలిగించబోయి ఆగింది.
"అంటే అంకీస కన్నా దగ్గరే గదరా!"

నాకెప్పుడూ తట్టలేదు.
రోజూ రాత్రి మా నెత్తి మీదికి
మూడొందల మంది ఉన్న ఒక పల్లె వస్తుంది,
చెప్పులు విప్పి, దుప్పటి కప్పుకుని, నోరు తెరుచుకుని నిద్రపోతూ.
అంత దూరంలో ఊరుంటే మేం పిల్లనిస్తాం,
విత్తనాలు బదులడుగుతాం,
చావు కబురొస్తే నడిచే పోతాం.

వాళ్ళ ముందు చిన్న తెర మీద మ్యాపు ఉంటుందట.
నాగపూర్ ఉంటుంది, హైదరాబాద్ ఉంటుంది,
నడుమ ప్రాణహిత కూడా లేని నలుపు.
ఆ నలుపులోనే ఈరక్క మంచె మీద నిలబడి
పందుల్ని బెదిరించే టార్చి పైకెత్తి
చెయ్యి అడ్డం పెడుతుంది, ఎస్టీ బస్సును ఆపినట్టు.
"ఆగదని తెల్సు. మన గాడీ మాత్రం ఆగుతదా?"

ప్రాణహిత నుంచి ఇంద్రావతి దాకా
దానికి అర బీడీ పడుతుంది.
కొలిచింది ఆమే.

డిసెంబరులో ఇద్దరం కలిసే పోయాం గడ్చిరోలి.
నాకు టోనరు కావాలి, ఆమెకు ఆమె పేరు.
ఇచ్చారు ఈసారి,
ఊరి పేరు తప్పు రాసి.
"ఉండనీ," అంది, "ఊరు ఎక్కడికి పోతది."

తిరుగు బస్సు జిమలగట్ట దాటినాక
టేకు చెట్ల నడుమ పట్టా విరిగి కూలబడింది.
ఎవరో ఆకులు పోగేసి మంట వేశారు.
ఒక పిల్లోడు ఏడ్చి ఏడ్చి నిద్రపోయాడు.
సిగ్నల్ లేదు. ఫోన్లు ఒక్కొక్కటే ఆరిపోయాయి.
రిపోర్టులో గంట గంటకూ టైము వెయ్యాలట,
కండక్టరు మడావి పెన్సిలు పట్టుకుని
తెలుగులో అడిగాడు, మరాఠీలో అడిగాడు, గోండిలో అడిగాడు.
ఎవరి దగ్గరా టైము లేదు.

ఈరక్క మంట వైపు నుంచి మొహం తిప్పి
పైకి చూసింది.
ఆకుల సందుల్లో ఎర్రగా ఒకటి, తెల్లగా ఒకటి.

"ఒంటిగంట పది," అంది.

అతను రాసుకున్నాడు.