మూడో షిఫ్ట్

మా బ్యాండు పేరు మూడో షిఫ్ట్.
పెట్టింది ఎస్తేరే.
వాళ్ళ నాయిన రాత్రి పదకొండుకు బాయిల దిగి
తెల్లారి ఏడింటికి పైకొచ్చేటోడు.
మేం ప్రాక్టీసు జేసే పగలంతా
గోడ అవతల ఆయనకు రాత్రి.

గోదావరిఖని. టీ-టూ క్వార్టరు. రెండు అర్రలు.
ఒక అర్రల మనిషి నిద్ర,
ఇంకో అర్రల తబస్సుం కీబోర్డు, ఓదెలు గిటారు, నేను.
నా డ్రమ్ముల మీద చెద్దరు గప్పినం,
తాళాలకు పాత సాక్సులు తొడిగినం.
ఎస్తేరు గొంతు మీద ఏం గప్పాలె?

అప్పుడు దొరికింది ఆమెకు ఆ గొంతు.
పండుకున్న పసిపిల్లను దాటిపోయే కాలు లెక్క
ఒక్కో మాటను మెల్లగ ఆనించేది.
ఊపిరి ఎక్కువ, సప్పుడు తక్కువ.
మేం నవ్వినం,
గిది పాటనా, చాడీలు చెప్పుడా అని.

మొదటి ప్రోగ్రాం ఓవర్‌మెన్ లస్మయ్య రిటైర్మెంటు.
మటన్ ఉడికేదాంక పాడుమన్నరు.
పదిహేను వందలకు ఒప్పుకొని పదమూడే ఇచ్చిండ్రు.
మైకు కూసింది, కరెంటు పోయింది,
మళ్ళొచ్చింది.
అప్పుడు పాడింది తను రాసుకున్న బిళ్ళ పాట:
‘తీసిన బిళ్ళ మళ్ళ మేకుకు పెట్టు, ఇంకేం అడగను.’
ముందు వరుసల ఆడోళ్ళు
బుక్క నోట్లెనే పెట్టుకొని ఆగిపోయిండ్రు.

తర్వాత పాట మమ్మల్ని ఆగనియ్యలే.
బస్టాండు దుకాణంల పది రూపాయలకు
మెమరీ కార్డుల ఎక్కి
మంచిర్యాల పోయింది, పెద్దపల్లి పోయింది,
మేం ఇంకా ఆటోల సామాన్లు ఎక్కిస్తుంటే
అది మాకన్నా ముందే కరీంనగర్ల ఉంది.

హన్మకొండల ఓ కాలేజీ ఫంక్షన్.
నాలుగు వేల మంది పోరగాండ్లు, ఒకటే లొల్లి.
ఆమె గొంతు పెంచలే.
వాళ్ళే ఒకల్నొకలు ‘ష్’ అనుకున్నరు.
నాకు కట్టె పట్టిన చెయ్యి వణికింది.

పోస్టర్ల మీద ముందు నాలుగు మొఖాలు,
తర్వాత ఒక పెద్ద మొఖం, ఎనుక మూడు పాసుపోర్టు ఫోటోలు,
తర్వాత ఒక్కటే.
ఓదెలు అలిగిండు. తబస్సుం బీయెడ్ల చేరింది.
నేనైతే అలగలే. అబద్ధం. అలిగిన.

హైదరాబాద్ స్టూడియోల అన్నరంట,
‘ఓపెన్‌గ పాడమ్మా, ఇక్కడ ఎవలు పండుకున్నరని?’
పాడింది. గట్టిగనే పాడింది.
మంచిగనే ఉంది.
అందరి లెక్కనే ఉంది.

కిందటేడు వాళ్ళ నాయిన రిటైర్మెంటుకు
కారుల వచ్చింది.
అందరు పాడుమన్నా పాడలే,
గరిటె పట్టుకొని మటన్ వడ్డించింది.
చేతులు కడిగేకాడ ఆ పెద్దమనిషి నాతోని అన్నడు:
‘గా దినాలల్ల నాకు నిద్ర ఎక్కడిదిరా?
కండ్లు మూసుకొని ఇనెటోన్ని.
జెర గట్టిగ పాడితె ఏం పోయిందో అనిపిస్తుండె.
అడిగితె ఆపేస్తరని అడగలే.’

ఆమెకు చెప్పిన్నా? చెప్పలే.

ఇప్పుడు నాది ఓపెన్‌కాస్టుల డంపరు, మూడో షిఫ్టే.
పగటీలి పండుకుంటే
పై క్వార్టర్ల పోరగాండ్లు బిళ్ళ పాట పెడ్తరు,
గోడలు అదిరేటట్టు.
నా భార్య తిట్టబోతది.
పోనియ్యి అంట.
కండ్లు మూసుకునే ఉంట.
చెద్దరు మీద నా ఏళ్ళు దెబ్బ ఏసుకుంటనే ఉంటయి,
సప్పుడు రాకుంట.